వందేళ్ల మిలిటరీ పోలీసుకు సెలవు చీటీ

కెనడాలోని సార్నియాలో ఒక కెమికల్ ప్లాంటులో నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. మా దగ్గర పర్మిట్ కాగితం లేకుండా ఎవరూ వాల్వు ముట్టుకోరు. ఏ పని, ఎవరు, ఎప్పటినుంచి, ఎప్పటివరకు: ఈ నాలుగు గళ్లూ నిండాలి.

పక్కింటి ఆంటీది కాకినాడ. ఇక్కడి వృద్ధాశ్రమంలో కేర్ వర్కరు. ఈ ఊళ్లో బస్సులు తక్కువ, ఆవిడ కారు నడపరు. అందుకని నా డ్యూటీ అయ్యాక నేనే వెళ్లి తీసుకొస్తుంటాను. అలా అక్కడుండే ఒక పెద్దాయన పరిచయమయ్యారు. వయసు వంద దాటింది. యుద్ధకాలంలో కెనడా సైన్యంతో ఇంగ్లండు వెళ్లి మిలిటరీ పోలీసుగా చేశారు. రైల్వే స్టేషన్ గేటు దగ్గర నిలబడి, సెలవు మీద వెళ్లే సైనికుల చీటీలు చూసి పంపడం ఆయన పని. కోటు గుండీ పెట్టుకోకపోయినా ఆపేవారట.

ఒక బుధవారం ఆంటీ నన్ను ఆయన గది గుమ్మంలోనే పట్టుకున్నారు.

"చూడు నాన్నా, శనివారం ఇక్కడికి రెండు గంటల దూరం, విండ్సర్‌లో ఈయన మునిమనవరాలి పెళ్లి. సెలవు చీటీ లేనిదే గడప దాటనంటున్నారు!"

"రిసెప్షన్ పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లొచ్చు కదా సర్?" అన్నాను ఆయనతో.

"ఆ పుస్తకం ఇక్కడుంటుంది. నా జేబులో ఉండదు. కాగితం లేదని ఎంతమందిని వెనక్కి పంపానో తెలుసా? ఇప్పుడు నేను చేతులూపుకుంటూ వెళ్లిపోతానా?"

మతిమరుపు కాదు, న్యాయం. నాకు వెంటనే అర్థమైంది. ఆ సాయంత్రమే మా పర్మిట్ నమూనాలో ఫారం తయారుచేశాను. పేరు, గది నంబరు, వెళ్లే చోటు, కారణం, మొదలు, ముగింపు, మేనేజరు సంతకం. మర్నాడు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివారు. వేలు ముగింపు గడి దగ్గర ఆగింది. నేను 'సోమవారం 00:00' అని రాశాను.

"అంటే ఆదివారం రాత్రి వరకేనా, సోమవారం రాత్రి వరకా?"

"సోమవారం మొదలయ్యే క్షణం వరకు సర్. మా లాగ్ షీట్లలో అలాగే రాస్తాం."

"అది నీకు తెలుసు. గేటు దగ్గరున్నవాడికి?" కాగితం ఒళ్లో పెట్టుకున్నారు. "అప్పట్లో మా గేటుకి ఒక సైనికుడు శనివారం పొద్దున వచ్చాడు. చీటీలో 'శనివారం అర్ధరాత్రి వరకు' అని ఉంది. అది నిన్న రాత్రే అయిపోయిందన్నాను. ఇంకా రానే లేదన్నాడు వాడు. ఆ మధ్యాహ్నమే వాడి పెళ్లి."

"మరి?" అన్నారు ఆంటీ.

"వెనక్కి పంపేశా. రైలు వెళ్లిపోయాక మా సార్జెంటు చెప్పాడు, వాడన్నదే కరెక్టని."

"పెళ్లి జరిగిందా?"

"తెలీదు. వాడు మళ్లీ ఆ గేటుకి రాలేదు." నావైపు తిరిగారు. "ఆదివారం 23:59 అని రాయి. తర్వాత మేం అందరికీ అదే చెప్పేవాళ్లం. ఇలాంటి చీటీతో నేను పెళ్లికి వెళ్లను."

"ఒక్క కాగితం రాయడానికా నాన్నా అంత చదువు? అదీ తప్పే!" అన్నారు ఆంటీ.

అక్కడే దిద్ది మళ్లీ ప్రింటు తీశాను. మేనేజరు నవ్వుతూ సంతకం చేసి, ఆశ్రమం స్టాంపు కూడా వేశారు. శుక్రవారం ఆయన మనవరాలు, అంటే పెళ్లికూతురి తల్లి, కారుతో వచ్చేసరికి ఆయన అన్ని గుండీలూ పెట్టుకుని తలుపు దగ్గర సిద్ధంగా ఉన్నారు. చీటీ తీసి ఆంటీ చేతికిచ్చారు.

"సరేనండీ, వెళ్లి రండి" అన్నారు ఆంటీ చూడకుండానే.

"చదివి పంపు."

ఆంటీ ఏడు గళ్లూ పైకి చదివారు. అప్పుడు ఆయన కదిలారు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి నేను ఆంటీ కోసం వెళ్లేసరికి ఆయన అప్పుడే కారు దిగుతున్నారు. చేతిలో కాగితం పళ్లెంలో కేకు ముక్క. పెళ్లికూతురితో ఒక పాటకు డాన్సు చేశారట, కుర్చీలో కూర్చునే.

"ఇంకా ఏడు గంటల యాభై తొమ్మిది నిమిషాల సెలవు మిగిలింది సర్" అన్నాను.

"తెలుసు. నిద్రపోయి వాడుకుంటా" అని చీటీ నాకిచ్చి లోపలికి నడిచారు.