కోసి పారేసిన నీడ

ఈ రోజు మధ్యాహ్నం విజయనగరంలో మా స్టూడియోకి కోటబొమ్మాళి రైతు ఒకాయన వచ్చాడు. ఆయన కూతురి పెళ్లికి నేను తీసిన రీలు, కిటికీలు మూసి గోడ మీద వేసి చూపించాను. అప్పగింతల దగ్గర మళ్లీ వెయ్యమన్నాడు.

"పిల్ల సీర మీద ఆ నల్లటిదేటి బావూ?"

"నా నీడండి. ఎండ నా వెనక నుంచి పడింది."

"మా పిల్ల మీద నీ నీడేటి? కోసీ!"

నేనేమన్నా గ్రహణాన్నా అనుకున్నాను గానీ, ఆ ముక్క కోసి, రీలు అతికించి ఇచ్చేశాను.

ఆయన వెళ్లాక, ఇన్నాళ్లూ ఇలాగే కోసి డబ్బాలో పడేసిన ముక్కలన్నీ ఏరి, వరసగా అతికించి గోడ మీద వేసుకుని చూశాను. ఇన్ని పెళ్లిళ్లలో నేనున్నది అంతే. చీరల మీదా, ముగ్గుల మీదా ఒంటి నీడ.

ఇది చదువుతున్న మీ పెళ్లి కూడా నేనే తీసి ఉంటే, ఆ రీలులో నేనింకా ఎక్కడైనా మిగిలి ఉన్నానేమో చూసి చెప్పండి. కోయన్లెండి.