లాభం, రెండు, మూడు

మాదాపూర్‌లో బండలు పగలగొట్టి ఆఫీసులు కడుతున్న రోజులవి. అక్కడి కూలీలకు నేను మెస్సు నడిపేవాణ్ణి. ఉల్లిగడ్డల కోసం వారానికి రెండుసార్లు సికింద్రాబాద్‌లోని పాత మార్కెట్‌కు వెళ్ళేవాణ్ణి.

ఒక ఉదయం నేను ఎప్పుడూ కొనే సేటు దుకాణం చేరేసరికి, బస్తాలు దించే హమాలీ ఒకడు నేల మీద పడి ఉన్నాడు. సేటు మనుషులు ఇద్దరు అతన్ని తంతున్నారు. మూడోవాడు బస్తాలు లాగే ఇనుప కొక్కెంతో భుజం మీద కొట్టాడు. అంగీతో పాటు చర్మమూ చీలింది.

"ఏడ దాసినవ్‌రా నలభయ్యో బస్తా?" అని అరిచాడు సేటు.

"దేవుని తోడు సేటూ, నలభై దించిన! నోటితోని లెక్కవెట్టుకుంటనే దించిన గద!"

"నీ నోరెవనికి కావాలె? గీతలు ముప్పై తొమ్మిదే ఉన్నయ్," అన్నాడు సేటు. కొత్త గుమాస్తా పలక ఎత్తి చూపించాడు. అతను ఉత్తరాది నుంచి వచ్చి వారమైంది. తెలుగు అంకెలు ఇంకా రావు. హమాలీ కేక వినబడినప్పుడల్లా ఒక గీత గీసేవాడు.

కొక్కెం మళ్ళీ లేచింది. ఈసారి అడ్డుపెట్టిన అరచేతిలో దిగింది. ఆ అరుపుకు పక్క దుకాణాల్లో బేరాలు ఆగిపోయాయి.

గీతలను నమ్మినవాళ్ళెవరూ బస్తాలను చూడలేదు. నేను బస్తాల గుట్ట పైకెక్కాను. వరసకు పది, నాలుగు వరసలు, ఎక్కడా ఖాళీ లేదు.

"జర ఆగుండ్రి! నలభై ఈడనే ఉన్నయి!"

కిందికి దూకి కొక్కెం పట్టినవాడి చెయ్యి పట్టుకున్నాను. మోచేత్తో నా మూతి మీద పొడిచాడు. నెత్తురు ఉమ్మి గుమాస్తాను హిందీలో అడిగాను.

"మొదటి కేకకు గీత గీసినవా?"

"లేదు సాబ్. లాభం అన్నడు. శుభానికి అన్నడనుకున్న."

మావాళ్ళు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. అదే సేటుకు చెప్పాను. అతను గుట్ట వైపు చూసి చెయ్యెత్తాడు. తన్నులు ఆగాయి.

అప్పటిదాకా వీధిలో నిలబడి చూసిన హమాలీలు అప్పుడు లోపలికి వచ్చారు. గుమాస్తా మెడ పట్టి వంచారు.

"లాభమంటే తెల్వదారా? ఇగ సూడు, నేర్పుతం." పలక అతని తల మీదే పగిలింది. "లాభం!" అన్నాడొకడు. ఇంకొకడు ముక్కు మీద గుద్ది "రెండు!" అన్నాడు.

"దొంగతనం కాదు, పొరపాటు!" అని అరిచాను. నన్ను పక్కకు నెట్టేశారు.

గుమాస్తా పాకుతూ వచ్చి నా కాళ్ళు చుట్టుకున్నాడు. "నువ్వడిగితే నిజమే చెప్పిన గద సాబ్!"

వాళ్ళు నా కాళ్ళ మీంచి అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, అతన్ని వీధిలోకి ఈడ్చుకుపోయారు.