మా పెట్టె

గోర్ ఊరు దాటాక ఆవుల మంద రోడ్డుకి అడ్డం రావడంతో ఆల్విన్ కారు ఆపాడు. పొలం కంచెలకు కరెంటు పంపే పెట్టెలు చేసే కంపెనీని ఇరవై రెండేళ్లు నడిపి, కిందటి చలికాలం అమ్మేశాడు. కంపెనీ అమ్మిన వాళ్లు కొందరు పడవ కొంటారు, కొందరు ద్రాక్షతోట వేస్తారు. ఇతను ఊళ్లు తిరుగుతూ పరాయి వాళ్ల కంచెలు చూస్తుంటాడు.

మంద వెనకే వచ్చిన మొరాగ్ అనే రైతు, గట్టు మీది కంచె పెట్టెను బూటుతో తన్నింది. "మళ్లీ చచ్చింది, దరిద్రం!"

"తన్నకమ్మా! మా పెట్టెలో ఒక తీగ వదులవుతుంటుంది," అంటూ అతను దిగి, బ్యాటరీ ఊడదీసి, స్క్రూడ్రైవర్‌తో మూత విప్పి తీగ బిగించాడు. బ్యాటరీ తగిలించగానే పెట్టె టిక్కుటిక్కుమంది.

మూత మీద చిరిగిన కంపెనీ సీలును మొరాగ్ చూసింది. "కొంప ముంచావు కదయ్యా! కంపెనీ వాళ్లు తప్ప ఇంకెవరు విప్పినా గ్యారంటీ చెల్లదట. తెలీదా?"

తెలుసు. ఆ షరతు రాసింది తనే.

"పోనీ, నువ్వు కంపెనీ మనిషివేనా?"

అవునందామని నోరు తెరిచి, "కాదు," అన్నాడు ఆల్విన్. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"మరి మా పెట్టె, మా పెట్టె అంటావేంటి పెద్దమనిషీ?"

అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, ఆవుల మధ్య నుంచి కారు వైపు నడిచాడు.