కోమల అడిగిన మాట

ఆదిలాబాద్‌లోని జిన్నింగ్ మిల్లులో పత్తిలో చెత్త ఏరే పనికి కుదిరినప్పటి నుంచి కోమల పగటిపూట నీళ్లు తాగడం మానేసింది. అక్కడి ఆడవాళ్లందరిదీ అదే పద్ధతి. వాళ్లకు లెట్రిన్ లేదు. వెనకున్న తుమ్మ పొదల దగ్గర ఎప్పుడూ పత్తి లారీలే, డ్రైవర్లే.

మూత్రంలో మంట పుట్టి ఆస్పత్రికి పోతే, నీళ్లు బాగా తాగమని డాక్టరమ్మ కోప్పడింది. తాగి ఎక్కడికి పోవాలో కోమలకు తోచలేదు.

ఆ వారమే వాళ్ల కాలనీలో న్యాయ సహాయ శిబిరం పెట్టారు. లాయరు మమతారాణి మాట్లాడడం ముగించబోతుంటే కోమల వెనక నుంచి లేచింది.

"మేడం, మిల్లుల లెట్రిన్ కట్టియ్యమని సేటును ఎట్ల బతిమిలాడాలె?"

"బతిమిలాడుడెందుకమ్మా? ఆడోళ్లకు వేరేగ కట్టియ్యాలని చట్టంలనే ఉన్నది. అది నీ హక్కు."

కోమలకు నవ్వొచ్చింది. చట్టమంటే దొంగలకూ, భూముల తగాదాలున్నవాళ్లకూ అనుకునేది. తన అవస్థ గురించి ఎవరో ముందే ఆలోచించి రాశారంటే నమ్మబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి రొట్టెలు కొడుతూ కూడా ఆ మాటే తలుచుకుంది.

మర్నాడు, తనతో పనిచేసే పెద్దామె లస్మవ్వను వెంటబెట్టుకుని మేనేజరు అంబదాస్ దగ్గరికి పోయింది. అలవాటుగా చేతులు జోడించి, "జర దయ సూడుండ్రి సారూ" అనేసింది. వెంటనే నాలుక కరుచుకుని చేతులు దించింది.

"దయ కాదు సారూ. మాకు లెట్రిన్ గావాలె. అది మా హక్కు."

"గీ మాటలు ఎవలు నేర్పిండ్రు కోమలబాయి?"

"ఎవలు నేర్పితేంది? నిజమా, కాదా?"

అంబదాస్ చెడ్డవాడేం కాదు, భయస్తుడు. సేటుకు చెప్తానని పంపేశాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. దాంతో ఆడవాళ్లంతా మమతారాణిని తోడు తీసుకుని కార్మిక శాఖ ఆఫీసుకు పోయారు. పని పోతుందని లస్మవ్వ దారి పొడవునా గొణిగింది గాని, వెనక్కి మాత్రం తిరగలేదు.

అధికారి వచ్చి చూసి వెళ్లాక, సీజను సగంలోనే గోడలు లేచాయి. నల్లా వచ్చింది, తలుపులకు గడియలు వచ్చాయి. లస్మవ్వ లోపల గడియ పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకుంటుంటే బయట అందరూ పడీపడీ నవ్వారు.

"సేటు మంచోడు, మీ కోసం కట్టిచ్చిండు" అన్నాడు అంబదాస్.

"కట్టియ్యాల్సిందే కట్టిచ్చిండు సారూ" అంది కోమల నవ్వుతూనే.

సాయంత్రం జుట్టు నిండా దూది నూగుతో కోమల, లస్మవ్వ ఇళ్లకు నడుస్తున్నారు. లస్మవ్వ ఉన్నట్టుండి ఆగింది.

"కోమలా, మనకు గిసొంటి హక్కులు ఇంకా ఏమేమున్నయే?"

"ఏమో అక్కా. ఐతారం పోయి మేడంనే అడుగుదాం పా."