అటుకుల డబ్బాలో నాలుగో ఫోన్

బాపట్ల వెళ్ళాల్సిన నేను రేపల్లెలో నిద్రలేచాను. తప్పు రైలుది కాదు. తెనాలిలో అది బుద్ధిగా తన ప్లాట్‌ఫామ్ మీదే నిలబడింది. చూసుకోకుండా ఎక్కింది నేను.

బాపట్ల ఎందుకంటే, అక్కడ ఒక స్కూల్లో నా స్నేహితురాలు పద్మ హెడ్‌మిస్ట్రెస్. నేను తెనాలిలో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. "పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చి, పడుకునే ముందు ఫోన్ చూస్తే నిద్రకేమవుతుందో ఓ అరగంట చెప్పవే" అంది. నాకంటే అర్హత ఎవరికుంది! మా ఇంట్లో అప్పటికే పది రోజులుగా అటుకుల డబ్బా చట్టం నడుస్తోంది.

చట్టం ఏంటంటే, రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఫోన్లన్నీ ఖాళీ అటుకుల డబ్బాలోకి. మా అత్తగారికి డెబ్భై రెండు. ఆ వయసులో నిద్ర అసలే పలచన. ఫోన్లో సీరియల్ చూసి పడుకుంటే, అందులో కోడలికి విషం పెట్టినవాళ్ళెవరో ఆలోచిస్తూ తెల్లారేదాకా దొర్లేవారు. మా ఆయన చూస్తూ చూస్తూనే నిద్రపోయి, ఫోన్ ముక్కు మీద పడితే లేచేవారు. లేచి మళ్ళీ చూసేవారు. మా అమ్మాయి ఇంటర్. ఆ వయసుకి నిద్రే ఆలస్యంగా వస్తుంది, ఫోన్ దాన్ని ఇంకో రెండు గంటలు తోసేది. పొద్దున లేపాలంటే చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళేదాన్ని. డబ్బా వచ్చాక ముగ్గురూ దారిలో పడ్డారు. నన్ను తిట్టుకుంటూనే అనుకోండి.

"మరి నీ ఫోనో?" అని అత్తగారు మొదటిరోజే అడిగారు.

"అలారం ఉండాలి కదండీ."

"ఊఁ" అన్నారు. ఆ 'ఊఁ' నాకు నచ్చలేదు.

మీటింగ్ ముందురోజు రాత్రి, నోట్స్ ఓసారి చూసుకుందామని ఫోన్ తీశాను. నోట్స్ తెరిచేలోపు చీరలమ్మే లైవ్ వీడియో వచ్చింది. "అక్కా, ఈ పీస్ ఒక్కటే ఉంది, స్క్రీన్‌షాట్ తియ్యండక్కా!" అంటోంది ఒకమ్మాయి. ఒక్కటే ఉందన్నాక చూడకుండా ఎలా ఉంటాం? అలాంటి 'ఒక్కటే'లు ఓ నలభై చూశాను. ఒకటిన్నర అయింది. చీరా కొనలేదు, నోట్సూ చూడలేదు.

పొద్దున స్టేషన్లో కళ్ళు మండిపోతున్నాయి. ఎదురుగా ఉన్న రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. అది కదలడం కూడా నాకు తెలీదు.

"లేమ్మా, లే. ఇదే ఆఖరు." ఖాళీ నిమ్మకాయల బుట్ట చంకన పెట్టుకుని ఒక పెద్దావిడ నా భుజం కుదుపుతోంది.

"బాపట్ల వచ్చేసిందా అండీ?"

"బాపట్లేంటి! రేపల్లెమ్మా ఇది. పట్టాలు కూడా ఇక్కడితో అయిపోయాయి."

పద్మకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "అందరూ వచ్చి కూర్చున్నారే! వీడియో కాల్‌లో మాట్లాడు, తెర మీద వేస్తాను. ఎక్కడున్నావో మాత్రం చెప్పకు తల్లీ" అంది.

ప్లాట్‌ఫామ్ బెంచీ మీద కూర్చుని, ఫోన్ చేత్తో ఎత్తిపట్టుకుని, ఫోన్ ఎంత చెడ్డదో చెప్పడం మొదలుపెట్టాను. "ఏ వయసువాళ్ళైనా సరే, పడగ్గదిలో ఫోన్ ఉండకూడదు!" అని గట్టిగా అన్నానో లేదో, ముందు వరసలోంచి ఒక గొంతు.

"వదినా, నీ వెనక పసుపు బోర్డు మీద రేపల్లె అని ఉందేంటి?"

మా ఆడపడుచు! వాళ్ళబ్బాయి చదివేది ఆ స్కూల్లోనే. ఆ ఊసే మర్చిపోయాను.

నిజం చెబితే, నేను తెనాలి చేరేలోపే అది అత్తగారికి చేరుతుంది. డబ్బాలోకి మళ్ళీ అటుకులొస్తాయి, ఇంట్లో ముగ్గురి నిద్రా మొదటికొస్తుంది. అబద్ధం చెబుదామంటే బోర్డు మూడు భాషల్లో ఉంది.

చెప్పేశాను. చీరలు, ఒకటిన్నర, రైలు, అన్నీ. "మా అత్తగారికి నిద్ర పట్టదు, మా అమ్మాయికి తెల్లారదు. నలభై ఎనిమిదేళ్ళ నాకున్న జబ్బేంటంటే, ఇవన్నీ మిగతావాళ్ళకే అనుకోవడం" అన్నాను. హాలంతా ఒకటే నవ్వు. పద్మ తప్ప.

"ఇంతకీ ఏ చీర నచ్చింది వదినా?" అంది ఆడపడుచు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు డబ్బా ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. అటూ ఇటూ మా ఆయనా, అమ్మాయీ.

"రేపల్లె ఎలా ఉంది?" అన్నారు అత్తగారు.

"బాగుందండి."

"అయితే డబ్బా తీసేద్దామా అమ్మా?" అంది అమ్మాయి, ఆశగా.

నా ఫోన్ తీసి డబ్బాలో పడేశాను. అప్పటికింకా సాయంత్రం నాలుగే. తెనాలిలో దిగగానే బజార్లో కొన్న అలారం గడియారం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

ఇప్పటికి నాలుగు నెలలు. తొమ్మిదికి డబ్బాలో మొదట పడేది నా ఫోనే, ఒక్కరోజు తప్పలేదు. మూత పెట్టే పని అత్తగారు తీసుకున్నారు. నాలుగూ ఉన్నాయో లేదో చూసి మరీ పెడతారు. గడియారం ఐదున్నరకి మోగితే పక్కింటివాళ్ళు కూడా లేచి కూర్చుంటున్నారు. నన్ను మాత్రం మా అమ్మాయి లేపుతోంది, చెంబు పట్టుకొచ్చి.