మా అయ్య మీద పెట్టకండి

దమయంతి ఎడంచేతి దెబ్బను మొదట రుచి చూసింది బాక్సరేమీ కాదు. టెక్కలి కాలేజీ మైదానంలో స్కూలు ఆటల పోటీలు జరుగుతుంటే, కబడ్డీ కోర్టులో ఆమె జడ పట్టి ఈడ్చిన ఒక పదో తరగతి పిల్ల. దమయంతికి అప్పుడు పద్నాలుగేళ్ళు. తనకంటే జానెడు ఎత్తున్న ఆ పిల్ల ఒక్క గుద్దుకి సున్నపు గీత మీద కూలబడింది. టీచర్లు దమయంతిని రెక్క పట్టి బయటికి లాక్కుపోతుంటే, మెడలో ఈల వేసుకున్న ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. పేరు ప్రభాకరరావు. సైన్యంలో పదేళ్ళు బాక్సింగ్ చేసి, రిటైరై సొంత ఊరు వచ్చినవాడు.

"ఒలే గుంటా, మళ్ళీ అలాటి దెబ్బే కొట్టగలవా?"

"ఎవుల్ని కొట్టాలి?" అంది దమయంతి.

ఆ ఒక్క మాటకే ప్రభాకరరావు మాస్టారు ఆమెను తన శిష్యురాలిని చేసుకున్నారు. పలాసలో మూతపడిన జీడిపిక్కల గోడౌన్ ఒకటి అడిగి తీసుకుని, దూలానికి ఇసక బస్తా వేలాడదీసి నేర్పేవారు. మిగతా పిల్లలు నెల రోజులు తంటాలు పడే అడుగు దమయంతికి ఒక పూటలో వచ్చేసేది. పదిహేడేళ్ళకి రాష్ట్ర పోటీల్లో బంగారు పతకం తెచ్చింది. ఫైనల్లో ఎదటి పిల్లని తొంభై సెకన్లు కూడా నిలబడనివ్వలేదు.

ఆమెకి ఒక్కటే పడేది కాదు, పరుగు. ఉద్దానంలో వాళ్ళ ఊరి నుంచి సముద్రం దాకా మూడు మైళ్ళు. రోజూ తెల్లవారుజామునే ఆమె తండ్రి గున్నయ్య లేపి, పళ్ళు తోమించి, వీధి చివరి దాకా సాగనంపేవాడు. రోడ్డు వంపు తిరగగానే దమయంతి ఎవరిదో జీడితోటలో దూరి, ఎండుటాకుల మీద హాయిగా నిద్రపోయేది. లేచాక బోరింగు దగ్గర మొహం, చొక్కా తడుపుకుని రొప్పుతూ ఇంటికి వచ్చేది. "నా కూతురు ఎలగ సెమటోడ్సిందో సూడండి" అని గున్నయ్య అందరికీ చెప్పుకునేవాడు.

విశాఖపట్నంలో శిక్షణ శిబిరానికి పంపితే రెండో వారమే గోడ దూకి, మరో ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని సముద్రంలో ఆడుకుంది. మాస్టారు వెళ్ళి బతిమాలితే శిబిరం వాళ్ళు ఒకసారి క్షమించారు. మళ్ళీ దూకింది. ఈసారి ఇంటికి పంపేశారు.

అయినా 2011లో జాతీయ శిబిరం ఎంపిక పోటీలకి ఆమెకి పిలుపు వచ్చిందంటే, ఆ చెయ్యి అలాంటిది. ఉత్తరాదిన ఎక్కడో పెద్ద ఇండోర్ హాలు. ఎదట హర్యానా అమ్మాయి. మొదటి రెండు రౌండ్లలో దమయంతి ఆమెని తాళ్ళ దగ్గర ఇరికించి కొట్టింది. హాలంతా లేచి నిలబడింది. మూడో రౌండ్ సగంలో ఊపిరి అందకుండా పోయింది. నాలుగో రౌండ్‌లో చేతులకి తొడుక్కున్నవి గ్లౌజులో గుండ్రాళ్ళో తెలియలేదు. ఆ హర్యానా అమ్మాయి దెబ్బల్లో బలం లేదు గానీ, ఆగకుండా కొడుతూనే ఉంది. రెండు పాయింట్ల తేడాతో దమయంతి ఓడిపోయింది.

"ఏటైందే?" అన్నారు మాస్టారు.

"కడుపునొప్పి మాస్టారూ. పొద్దున్నించీ."

ఆ మాట పట్టుకుని ఆయన సెలెక్టర్ల దగ్గరికి వెళ్ళారు. పిల్లకి ఒంట్లో బాగాలేదు, ఇంకో అవకాశం ఇవ్వండని చేతులు జోడించారు. వాళ్ళు డాక్టర్ని పిలిచారు. డాక్టరు అటూ ఇటూ నొక్కి చూసి, ఏమీ లేదని నవ్వాడు. మాస్టారు తల వంచుకుని బయటికి వచ్చారు. తిరుగు రైలు పలాస స్టేషన్లో ఆగగానే దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. దమయంతి మళ్ళీ గోడౌన్ గుమ్మం ఎక్కలేదు.

తరవాత గున్నయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. 2014లో పోయాడు. దమయంతి జీడిపిక్కల ఫ్యాక్టరీలో కటింగ్ మిషను దగ్గర పనికి కుదిరింది. ఎవరు మొదలుపెట్టారో గానీ, తండ్రి జబ్బు వల్లే ఆ పిల్ల ఆట ఆగిపోయిందని ఊళ్ళో ఒక కథ పుట్టింది. పేపరు వాళ్ళూ అదే రాశారు. అది విని దమయంతి ఔననలేదు, కాదనలేదు. ఆ కథలో ఆమె తప్పేమీ లేదు మరి. ఏళ్ళ తరబడి ఆ కథ చాటునే బతికింది.

పోయిన ఏడాది క్రీడా దినోత్సవానికి పలాసలో పాత ఆటగాళ్ళకి సన్మానం పెట్టారు. దమయంతి శాలువా కప్పించుకుని కూర్చుంది. ప్రేమ్ సాగర్ అనే కుర్ర లెక్చరర్ మైకు ముందు నిలబడి, గొంతు వణికిస్తూ ఆమె గురించి చదివాడు. "ఉద్దానం కిడ్నీ మహమ్మారి ఒక తండ్రినే కాదు, ఒక బంగారు పతకాన్నీ మింగేసింది!" అన్నాడు. చప్పట్లు మోగాయి. దమయంతి తల తిప్పి చూస్తే, వెనక ఫ్లెక్సీ మీద నిలువెత్తు గున్నయ్య, మెడలో దండతో నవ్వుతూ ఉన్నాడు.

ఆమె లేచి వచ్చి మైకు లాక్కుంది.

"ఇదంతా అబద్ధం. నాను ఓడిపోయింది రెండువేల పదకొండులో. అప్పటికి మా అయ్య కొబ్బరి సెట్లు ఎక్కి కాయలు దింపుతున్నాడు. ఆయనకి జొరం కూడా లేదు. రోజూ నన్ను లేపి పరిగెత్తమని పంపేవోడు. నాను పరిగెత్తలేదు. తోటలో పడుకున్నాను. ఊపిరి సాలక ఓడిపోయి, కడుపునొప్పని సెప్పి మాస్టారి పరువు తీసేను. నా ఓటమి నాది. సచ్చిపోయినోడి మీద పెట్టకండి!"

ఒక పెద్దమనిషి గబగబా వచ్చి, "ఇవన్నీ ఇక్కడెందుకమ్మా, దిగు" అన్నాడు.

"పిలిసి కూకోబెట్టింది మీరే కదా బాబూ. ఇనండి. జాలి పడడానికి ఏటీ లేదు. ఆ నిద్ర నాకు బాగుండేది, ఆ సముద్రం బాగుండేది. దాని కోసం పోగొట్టుకున్నాను. సిగ్గూ నాదే, సుఖమూ నాదే."

శాలువా కుర్చీ మీద పెట్టి మెట్లు దిగింది. తల వంచలేదు. ముందు వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్న ప్రభాకరరావు మాస్టారు లేచి నిలబడ్డారు. డెబ్భై రెండేళ్ళ మనిషి.

"కడుపునొప్పి లేదని నాకు ఆ రోజే తెలుసే."

"తెలిసీ నన్ను డాక్టరు దాకా ఎందుకు పోనిచ్చేరు?"

"అక్కడైనా నిజం సెప్తావని సూసేను. పదమూడేళ్ళు పట్టింది నీకు." ఆయన కర్ర మీదకి ఒరిగి, "గోడౌన్లో ఇప్పుడు తొమ్మిది మంది గుంటలున్నారు. ఎడంచేతి దెబ్బ ఎలగ కొట్టాలో నాను నోటితో సెప్పగలను గానీ కొట్టి సూపలేను. రేపు పొద్దున్న ఐదింటికి రా" అన్నారు.

"ఐదింటికి రాను మాస్టారూ. అంత పొద్దున్నే నాకు నిద్దర్లోంచి తెలివి రాదు. వత్తానని సెప్పి రాకపోతే అదింకో అబద్ధం."

మాస్టారి మొహం ఎర్రబడింది. కర్ర నేలకేసి కొట్టారు. ఆ తరవాత ఆయనకే నవ్వొచ్చింది.

"మరెప్పుడు తగలడతావ్?"

"ఫ్యాక్టరీ వదిలేక. సాయంత్రం ఆరింటికి. పొద్దున్న పరుగు మీరే సూసుకోండి. ఒక్కత్తి మానేసినా నాకు సెప్పండి, పరిగెత్తకపోతే నాలుగో రౌండ్‌లో ఏటవుతాదో రింగులో నిలబెట్టి సూపిత్తాను."

మర్నాడు ఆరూ ఇరవైకి వచ్చింది. పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. మాస్టారు చేతి గడియారం ఆమె మొహం ముందు పెట్టారు.

"వచ్చేను కదా" అని, దమయంతి పిడికిలికి పట్టీ చుట్టుకోవడం మొదలుపెట్టింది.