మా ఆవిడ గరాటు, సేఠ్ గారి కారు

ఆ రోజుల్లో, ఏ విషయమైనా కొలిచి రాసుకుంటే చాలు, ఇక తప్పు జరగదని నాకు గట్టి నమ్మకం ఉండేది. తొంభైల మొదట్లో కొత్తగా పెళ్లయి, కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, లాల్‌దర్వాజాలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టాను. కుళాయి ఎన్నింటికి వచ్చిందీ, గ్యాస్ బండ ఎన్ని రోజులు కాలిందీ, మా ఆవిడ ఎన్నిసార్లు అలిగిందీ అన్నీ డైరీలోకి ఎక్కేవి (ఈ చివరి దానికి వేరే గడి ఉండేది. ఆ సంగతి ఆవిడకి తెలిసిన వారం ఆ గడిలో చోటు చాల్లేదు). ఇలాంటి మనిషి తన ఇంట్లో ఉన్నంతకాలం ఎవరికీ నష్టం లేదు. నేను వీధిలోకి వెళ్లాను.

మా వీధి చివర గోడకు టార్పాలిన్ కట్టుకుని మోటారు సైకిళ్లు బాగుచేసే ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. నాకంటే పదేళ్లు పెద్ద. వాన వస్తే పనిముట్ల పెట్టె మీద పడుకుని దాన్ని తడవకుండా కాపాడుకోవడం నేను కళ్లారా చూశాను. పన్నెండేళ్లుగా అదే టార్పాలిన్, అదే గోడ. అలాంటి మనిషి దగ్గరికి బిస్కెట్ల వ్యాపారం చేసే సేఠ్ ఒక వింత బేరం తెచ్చాడు. బొంబాయిలో ఎవరో చిన్న కారును విడిభాగాలుగా అమ్ముతున్నారట. ఇనప చట్రం, ఫైబరు ఒళ్లు, స్టీరింగు, నాలుగు చక్రాలు, ఇద్దరు పట్టే సీటు వస్తాయి. ఇంజను మాత్రం మనమే తెచ్చి బిగించుకోవాలి, అదీ మోటారు సైకిలుది. సేఠ్ ముచ్చటపడి ఒకటి తెప్పించి, ఆ ముక్కలన్నీ ఉస్తాద్ ముందు దింపించాడు.

"గిది సక్కగ నడిస్తే ఇంకో ఐదు తెప్పిస్త ఉస్తాద్. సంతోష్‌నగర్ల నా రేకుల షెడ్డు ఖాళీగ పడి ఉంది. అండ్ల కూసొని బిగియ్యి. షెడ్డు ఇగ నీదే అనుకో" అన్నాడు.

ఆ సాయంత్రం ఉస్తాద్ నన్ను వెంటబెట్టుకుని సంతోష్‌నగర్ వెళ్లి, తాళం వేసిన ఆ షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగి, రేకుల మీద చేత్తో తట్టి చూశాడు. "వాన పడితే మస్తు చప్పుడైతది" అన్నాడు. అంత సంతోషంగా చప్పుడు గురించి మాట్లాడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

రెండు నెలల్లో ఆ టార్పాలిన్ కిందే కారు నిలబడింది. ఒక్కటే తేలలేదు, ఇంజనుకు గాలి ఎటునుంచి ఇవ్వాలన్నది. మోటారు సైకిలు మీద ఉన్నప్పుడు సీటు కింద ఒక పెట్టె ఉంటుంది. గాలి అందులో వడగట్టుకుని కార్బురేటరులోకి వెళ్తుంది. ఇంజనును కారు సీటు వెనక ఇరికించేసరికి ఆ పెట్టెకు చోటు లేకపోయింది. ఉస్తాద్ దగ్గర జవాబు అప్పటికే ఉంది.

"నూనె డబ్బా పెడ్త సాబ్. లోపట స్పాంజి. దాని మూతి మీదికి, డ్రైవరు నెత్తికాడ. గాలి గూడ వడగట్టుకొనే తాగాలె."

"ఎందుకని?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? గల్లీల దుమ్ము కనవడతలేదా?"

"అది మీ అభిప్రాయం ఉస్తాద్, కొలత కాదు" అన్నాను. (ఈ వాక్యం ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. అప్పుడు మాత్రం చాలా హుందాగా అన్నాననే గుర్తు.)

అలా మొదలైంది నా పరీక్షల పర్వం. ఒకటి, కార్బురేటరు మూతిని అలాగే వదిలేయడం. రెండు, దానికి స్పాంజి తొడగడం. మూడు, ఉస్తాద్ నూనె డబ్బా. నాలుగోది నా సొంత తెలివి. కారు ముక్కు దగ్గర వెడల్పాటి గరాటు ఒకటి బిగించి, అక్కడినుంచి రబ్బరు గొట్టం వెనక్కి లాగి, ఎదురుగాలిని నేరుగా ఇంజనుకు పట్టించడం. జల్లెడ ఏదీ ఉండదు, ఎందుకంటే అది గాలికి అడ్డం. కావలసిన వెడల్పు గరాటు బజారులో దొరకలేదు. మా వంటింట్లో దొరికింది. నూనె పోసుకునే స్టీలు గరాటు, మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. "రెండు వారాల్లో తెచ్చిస్తాను" అన్నాను. "ఎందుకు?" అంది. "శాస్త్రానికి" అన్నాను. ఆ వేళ డైరీలో అలకల గడి నిండింది.

పరీక్షకు శుక్రవారం పొద్దున్న ఖాయమైంది. ఆ రోజు ఉస్తాద్‌కు సెలవు, నాకు ఆఫీసు పదిన్నరకు. పైగా ఉస్తాద్ గోడ పక్క గల్లీలో దుకాణాలన్నీ శుక్రవారం మూసే ఉంటాయి, అడ్డం వచ్చేవాళ్లు ఉండరు. ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేయాలి, తక్కినవన్నీ ఒకేలా ఉంచాలి అన్నది నా పద్ధతి. అందుకని అదే గల్లీ, అదే వేళ, డ్రైవరుగా అదే ఉస్తాద్. కరెంటు స్తంభం దగ్గర బయలుదేరి, రజాయి దుకాణం దాటి, కుళాయి దగ్గర ఆగాలి. ఆరు శుక్రవారాలు వాచీ పట్టుకుని నిలబడ్డాను. డైరీ తిరగేస్తే ఇప్పటికీ కనిపిస్తుంది: "శుక్రవారం. ఆకాశం నిర్మలం. ఉప్మా. డబ్బా: పదమూడు సెకన్లు. గరాటు: పదకొండున్నర." ప్రతిసారీ గరాటే గెలిచింది. నా వంటింటి సామాను నాకు తెచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు.

చివరి శుక్రవారం ఆ పేజీ ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన వేలితో గళ్లు తడిమి, "నాకు తెలుగు సదవరాదు సాబ్. నువ్వే సదువు" అన్నాడు. చదివాను. ఉప్మా కూడా వదల్లేదు. ఆయన కాసేపు గల్లీ వైపు చూశాడు, ఏదో అనబోయాడు. మళ్లీ నా పేజీ వైపు చూసి, "సరే సాబ్. గరాటే పెడ్దాం" అన్నాడు.

కారు ఎక్కి చూడటానికి సేఠ్ బుధవారం వస్తానన్నాడు. నేను సగం రోజు సెలవు పెట్టి వెళ్లాను. గల్లీలోకి అడుగుపెట్టగానే ఏదో తేడా కొట్టింది. దూది దుప్పట్లు కుట్టే ఆ రజాయి దుకాణం తెరిచి ఉంది. చలికాలం ముందు రోజులు కదా, లోపల దూది ఏకే యంత్రం గడగడా ఆడుతోంది. గుమ్మం నుంచి దూది పింజలు లేచి, గల్లీ అడ్డంగా తేలుతూ ఎదురింటి గోడకు అంటుకుంటున్నాయి. ఆరు వారాలు ఆ షట్టరు ముందు నిలబడి సెకన్లు లెక్కపెట్టినవాణ్ణి, షట్టరు వెనక ఏముందో ఆలోచించలేదు. అప్పటికే ఉస్తాద్ పక్కన తెల్లని షేర్వానీలో సేఠ్ కూర్చున్నాడు. కారు బయలుదేరింది.

స్తంభం దగ్గర్నుంచి దుకాణం దాకా దివ్యంగా వచ్చింది. దుకాణం ముందు నా గరాటు తన పని తాను శ్రద్ధగా చేసింది. గాలిలో ఉన్న పింజలన్నిటినీ పేరంటానికి పిలిచినట్టు లోపలికి పిలుచుకుంది. ఇంజను ఒకసారి దగ్గింది, రెండుసార్లు తుమ్మింది, నల్లటి పొగ వదిలి ఊరుకుంది. ఉస్తాద్ దిగి, గొట్టం ఊడదీసి, కోడిగుడ్డంత దూది ఉండ బయటికి లాగాడు. సేఠ్ షేర్వానీ మీద పింజలు దులుపుకుంటూ, "క్యా ఉస్తాద్, బండీ రజాయి ఓఢ్‌కే సోగయీ?" అన్నాడు. కారు దుప్పటి కప్పుకుని నిద్రపోయిందా అని! గల్లీ గల్లీ అంతా పగలబడి నవ్వింది. దుకాణంవాడు బయటికొచ్చి, "ఇంకో రెండు సేర్లు ఏకి పెట్టాల్నా ఉస్తాద్?" అన్నాడు.

నవ్వులు కాస్త తగ్గాక సేఠ్ ముఖం మారింది. గరాటు వంక వేలు చూపి అడిగాడు. "గీ ఇంట్ల గరాటు దీనికి పెట్టాలన్న అఖల్, గీ తెలివి ఎవరిది?"

ఉస్తాద్ నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను వాచీ చూసుకున్నాను. ప్రభుత్వోద్యోగిని, బయటి పనుల్లో వేలు పెట్టానని తెలిస్తే ఏమవుతుందోనని భయం వేసిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది కాదు. అంతమంది నవ్వు నా మీదికి మళ్లడం నాకు ఇష్టం లేకపోయింది.

"నాదే సేఠ్ సాబ్" అన్నాడు ఉస్తాద్.

"పన్నెండేండ్ల సంది బండ్లు బాగుజేస్తున్నవు. గింత గూడ తెల్వదా?" అని సేఠ్ నడిచి వెళ్లిపోయాడు. మర్నాడు ట్రాలీ వచ్చి కారును ఎక్కించుకుపోయింది. షెడ్డులో నెలలోపే ఇంకెవరో ఆటోల పని మొదలుపెట్టారు. ఉస్తాద్ గరాటును కిరోసిన్‌తో కడిగి, తుడిచి, కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. ఇంట్లో, కారు నడవలేదని మాత్రం చెప్పాను. మిగతాది చెప్పలేదు. గరాటు వాసన చూసి మా ఆవిడ దాన్ని అటక మీద పడేసింది.

తర్వాత నాకు బదిలీలు. పదేళ్ల పైన తిరిగి, మళ్లీ హైదరాబాదు వచ్చాక, అడిగి అడిగి సైదాబాద్‌లో ఉస్తాద్‌ను పట్టుకున్నాను. గడ్డం నెరిసింది. వేరేవాళ్ల షెడ్డులో జీతానికి పనిచేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి స్టూలు జరిపాడు. కూర్చోకుండానే చెప్పేశాను.

"ఉస్తాద్, ఆ రోజు గరాటు నాదని నేను చెప్పాల్సింది."

పోనీలే సాబ్ అంటాడని ఎదురుచూశాను. ఆయన స్పానరు తిప్పుతూనే, "అవ్ సాబ్, చెప్పాల్సుండె" అన్నాడు. ఇంకో బోల్టు అందుకుంటూ ఆయనే మళ్లీ అన్నాడు. "నేను గూడ ముందుగాల్నే నోరు తెర్వాల్సుండె. దూది సంగతి నాకు ఎర్కనే. దినాం ఆడనే గద చాయ్ తాగేది! నువ్వు కాయితం సదువుతుంటె, గింత రాసిన మనిషికి గిది తెల్వదా అనుకున్న."

ఎదురుగా ఒక పాత స్కూటరు ఇంజను ఎగశ్వాస తీస్తున్నట్టు ఆడుతోంది. ఉస్తాద్ చెవి అటు వేసి, కాస్త ఎగతాళిగా అడిగాడు. "ఇను సాబ్. దీనికేం రోగమో నువ్వు చెప్పు."

"నాకు తెలీదు ఉస్తాద్. మీరే చెప్పండి."

ఆయన చెయ్యి ఆగింది. నా ముఖంలోకి చూసి నవ్వాడు. "గీ ముక్క అప్పుడే అనుంటే సాబ్..." అని, మిగతాది మింగేసి, చాయ్ చెప్పాడు. నేను స్టూలు మీద కూర్చుని, ఆ ఇంజను రోగం గురించి ఆయన చెప్పినదంతా విన్నాను. సగమే అర్థమైంది.

ఇప్పుడు నాకు రిటైరై ఏళ్లయింది. ఇంటికి ప్లంబరో, ఫ్యాను బాగుచేసేవాడో వచ్చి "ఇట్ల చేస్త సార్" అంటే, ఎందుకని అడగబోయి ఆగిపోతాను. మా ఆవిడ ఆశ్చర్యపడుతుంది. "ఇదేమిటండీ, ఒక్క ప్రశ్నా అడగలేదు! ఎప్పుడు నేర్చుకున్నారీ బుద్ధి?" అంటుంది. ఒక షెడ్డు పోగొట్టి నేర్చుకున్నానని, అదీ నాది కాని షెడ్డని, ఆవిడకి ఏమని చెప్పను?